షైతాన్ గుసగుసా? స్కిజోఫ్రేనియా వ్యాధా?

 

వైద్యం చేయించుకోవచ్చా అని ఎడారివాసులు కొందరు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అల్లాహ్ ఏ వ్యాధిని పంపినా దానికి మందును కూడా ఉంచాడని, వార్ధక్యం ఒక్కటే మినహాయింపు అని తెలిపారు. జ్వరం వచ్చినా, షుగరు వచ్చినా మనం ఈ హదీసును పాటిస్తాం. మనసుకు జబ్బు చేసినప్పుడు మాత్రం మరచిపోతాం. డాక్టరును వదిలి తాయెత్తులు కట్టేవాడి కోసం పరుగెడతాం.

అలా మనం గుర్తించలేకపోతున్న జబ్బుల్లో స్కిజోఫ్రేనియా ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. ఎక్కువగా ఇది కౌమారం చివర్లో, ఇరవైలలో బయటపడుతుంది. అంటే చదువు, ఉద్యోగం, నికాహ్ గురించి ఇంటిల్లిపాదీ కలలు కనే వయసులో.

తరచుగా ఇది నెలల తరబడి మెల్లగా వస్తుంది. చురుగ్గా ఉండే పిల్లవాడు స్నేహితులకు దూరమవుతాడు. రాత్రిళ్లు నిద్రపోడు. స్నానం, శుభ్రత పట్టించుకోడు. నవ్వు, ఏడుపు రెండూ ముఖం మీద కనిపించవు. ఇంట్లోవాళ్లు సోమరితనమనో, పొగరు అనో తిడతారు.

తరువాత స్పష్టమైన లక్షణాలు కనిపిస్తాయి. మొదటిది, ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం. ఆ మాటలు తిడతాయి, ఆజ్ఞాపిస్తాయి. అతను వాటికి జవాబిస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. రెండవది, ఎంత చెప్పినా వదలని తప్పుడు నమ్మకం. అన్నంలో విషం కలిపారని, టీవీలో తన గురించే చెబుతున్నారని, తన ఆలోచనలు ఇతరులకు తెలిసిపోతున్నాయని అంటాడు. మూడవది, పొంతన లేని మాట. ఒక విషయం నుండి సంబంధం లేని మరో విషయానికి దూకుతాడు.

ఇక్కడే మన ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. జబ్బు మనిషి చుట్టూ ఉన్న మాటలనే అరువు తెచ్చుకుంటుంది. దీనీ వాతావరణంలో పెరిగినవాడు తనపై జిన్ను ఉందని, చేతబడి జరిగిందని, తానే మహ్దీనని అనవచ్చు. ఆ మాటలు విని అది జబ్బు కాదని తేల్చేయకూడదు. జిన్నులు ఉన్నాయని మనం విశ్వసిస్తాం. కాని వినిపించే ప్రతి స్వరమూ జిన్నుది కాదు. వస్‌వసా అంటే మనసులో మెదిలే దురాలోచన. ఈ రోగికైతే బయటి నుండి ఎవరో పలికినట్లు చెవికే వినిపిస్తుంది. ఇది ఈమాన్ లోపమూ కాదు, తల్లి పెంపకంలో తప్పూ కాదు. వంశపారంపర్యం, మెదడు పనితీరులో తేడాలు, తీవ్ర ఒత్తిడి, గంజాయి వంటి మత్తు ఇందుకు దోహదం చేస్తాయి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. దర్గాకు స్వస్థత కోసం తెచ్చిన మానసిక రోగులను అక్కడి ఒక ప్రైవేటు ఆశ్రయంలో గొలుసులతో కట్టి ఉంచారు. తెల్లవారకముందే మంటలు లేచాయి. పారిపోయే వీలు లేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. మన పూర్వీకులు మాత్రం 1284లోనే కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మతిస్థిమితం లేనివారికి ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు. మనం ఎవరి దారిలో నడవాలి?

కనుక ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ఎంత త్వరగా వైద్యం మొదలైతే అంత మేలు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖుర్ఆన్ పారాయణం, దుఆ చేయండి, కాని మందులు ఆపకండి. కాస్త కోలుకోగానే మందులు మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. రమజానులో ఉపవాసం గురించి ముందే వైద్యుడిని, ఆలిమ్‌ను సంప్రదించండి. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. చావు గురించి మాట్లాడితే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అతని భ్రమను ఔనని ఒప్పుకోకండి, కాదని వాదించకండి. "నీకు భయంగా ఉంది కదా బేటా, నేను పక్కనే ఉన్నాను" అనండి. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని జబ్బును దాచి నికాహ్ చేయకండి. అది మరో ఇంటి ఆడబిడ్డకు చేసే ద్రోహం.

మతి తప్పినవాడు తిరిగి కోలుకునే వరకు అతని కర్మలు రాసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలిపారు. అల్లాహ్ లెక్క అడగని మనిషిని నిలదీయడానికి మనమెవరం? అవివేకుల చేతికి ఆస్తి అప్పగించవద్దని చెబుతూనే, వారికి అన్నవస్త్రాలు ఇవ్వాలని, వారితో మంచిగా మాట్లాడాలని అన్నిసా సూరా 5వ ఆయతు ఆదేశిస్తోంది. ఇంట్లో రోగి ఉన్నవారికి ఈ ఒక్క ఆజ్ఞ చాలు.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, వారిని చూసుకునే తల్లులకు, తోబుట్టువులకు సహనాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.