లెక్క ఎప్పుడు జ్ఞానమవుతుంది?

సూరత్‌కు ఉత్తరాన, రైలు దారిలో ఉన్న కిమ్ పరిసరాల్లో మరమగ్గాలు నడిపే యజమాని ఏ మగ్గం ఎంతసేపు ఆగిందో, పోగు ఎన్నిసార్లు తెగిందో కంప్యూటర్‌లో చూసుకోగలడు. అది జ్ఞానమేనా? న్యాయసూత్రాలకు రాసిన వ్యాఖ్య న్యాయభాష్యం మొదట్లోనే వాత్స్యాయనుడు దీనికి గీటురాయి చూపాడు: తెలిసినదాన్ని నమ్మి చేసిన ప్రయత్నం ఫలిస్తేనే ఆ తెలివికి ప్రామాణ్యం. ఆ మాట ప్రకారం, అంకె మారితే ఎవరు ఏం చేయాలో తేల్చుకోని విశ్లేషణ ఇంకా పరీక్షకే కూర్చోలేదు. ఉదాహరణకు, సూరత్‌లో 1994 ప్లేగు తర్వాత, 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి నడిపించారు, నిర్ణయాధికారాన్ని జోన్లకు పంచారు. వ్యాధుల లెక్కలు అక్కడ పనిలోకి దిగాయంటే కారణం ఆ ఏర్పాటే.

జ్ఞానానికి కర్మ తోడక్కర్లేదని ఆది శంకరులు అనలేదా? అన్నారు, కానీ మార్పులేని ఆత్మ విషయంలో. తెగే పోగు ఆ కోవలోది కాదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఉంది: తప్పుడు లెక్క కూడా అదృష్టం కొద్దీ లాభం తేవచ్చు కదా! తేవచ్చు. అందుకే ఒక్కసారి ఫలిస్తే చాలదు. కొన్ని మగ్గాల మీదే మార్పు చేసి, మిగతావాటితో పోల్చి, మళ్లీ చూడాలి. ఏమీ మార్చకూడదని తేలినా అదీ నిర్ణయమే, కారణం రాసిపెడితే. కాబట్టి యజమానులారా, మరో నివేదిక అడిగే ముందు, దాన్ని చూసి మగ్గం ఆపగల అధికారం ఎవరిదో పేరు పెట్టి చెప్పండి.