పదును ఎవరిది?

ఆత్మజ్ఞానపు దారిని కఠోపనిషత్తు మంగలికత్తి అంచుతో పోల్చింది. సోమర్సెట్ మామ్ 1944లో తన నవలకు పేరు అక్కడినుంచే తీసుకున్నాడు. ప్రవచనాల్లో ఈ ప్రస్తావన వచ్చిందంటే ఆ అంచు మీద నడవడం ఎంత కష్టమో చెబుతారు. అంచు ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. మంగలి ఇంట పుట్టినవాణ్ణి, నాకు ముందుగా తోచే ప్రశ్న అదే.

మా నాన్న అడపంలో మడత కత్తి, తోలు, సానరాయి ఉండేవి. ఎయిడ్స్ భయం మొదలయ్యాక అందరిలాగే ఆయనా సగం బ్లేడుకు మారాడు. మంచి పనే, ఒకరి నెత్తురు ఇంకొకరికి అంటకూడదు. ఆ కత్తి ఇప్పుడు నా ఒక్కడి గడ్డానికే. దాన్ని నూరడానికి బెల్జియం నుంచి కోటిక్యూల్ రాయి తెప్పించుకున్నాను. ఆర్డెన్ కొండల్లో దొరికే లేత పసుపు రాయి అది. సుమారు 48 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న మట్టి, భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ రాయయింది. అందులో గార్నెట్ స్ఫటికాలు పుట్టాయి, ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త అటూ ఇటూగా. వాటి మూలలు మొండివి కాబట్టి ఉక్కును లోతుగా చీల్చవు, పైపైన గీరుతాయి.

నూరేటప్పుడు కత్తి వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి. కోణం మన చేతిలో లేదు, వెన్ను మందమే దాన్ని నిర్ణయిస్తుంది. ముందు అదే జాతి చిన్న రాతిముక్కతో రుద్దితే పాలలాంటి గుజ్జు వస్తుంది. కత్తి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి అది బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ నలుపు కత్తి పోగొట్టుకున్న ఉక్కు. ఆ తెలుపు రాయి పోగొట్టుకున్న రాయి. చుక్క చుక్కగా నీళ్లు కలిపి పలచన చేస్తూ, ఆఖరికి వట్టి నీళ్ల మీద నూరాలి.

జ్ఞానమంటే కొత్తగా వచ్చి చేరేది కాదు, అజ్ఞానం తొలగడమే అంటారు అద్వైతులు. రాయి కూడా కత్తికి ఏమీ ఇవ్వదు, తీసేస్తుందంతే. అక్కడివరకు నాకు ఒప్పుదలే. కానీ మిగిలిన అంచు మొదటినుంచీ ఉక్కులో దాగి ఉందంటే నా చెయ్యి ఒప్పుకోదు. రెండు ముఖాలు కలిసిన చోటే అంచు. దానికంటూ వేరే పదార్థం లేదు. రాయి మారినా, వెన్ను అరిగినా, చెయ్యి మారినా వచ్చేది మరో అంచు. దేనికీ తనంత తానుగా స్వభావం లేదనీ, ఉన్నదంతా ఇతరాల మీద ఆధారపడి పుట్టినదేననీ వాదించిన నాగార్జునుడు ఇక్కడ నాకు దగ్గరవాడవుతాడు.

పైగా ఆ పదును నిలిచేది కాదు. పొద్దున్నే తోలు మీద, ఈసారి వెన్ను ముందుగా, లాగకపోతే గడ్డం పీకుతుంది.

శాక్యుల మంగలి ఉపాలి కథ నాకు అందుకే ఇష్టం. తమ గర్వం అణగాలని శాక్య రాకుమారులు ముందు అతనికే దీక్ష ఇమ్మని బుద్ధుణ్ణి అడిగారట. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో ఆనందుడు బోధనలు చెబితే, భిక్షువుల రోజువారీ నియమాలన్నీ అప్పజెప్పింది ఉపాలి. ఆ పని అతనికి దక్కడం కాకతాళీయమని నేననుకోను. ఒకసారి కలిగితే ఇక పోనిదే జ్ఞానమనేవాళ్లు, కత్తి పోలిక అంతదూరం సాగదంటారు. నేను ఉపాలి పక్షం.