ఏమియు లేదని చెప్పిన పనివాడు

ధ్యాన వాక్యభాగము: 1 రాజులు 18:41–46



కర్మెలు కొండమీద అగ్ని దిగివచ్చిన సంగతి మన సంఘములలో చిన్నపిల్లలకు సయితము తెలియును. ఆ దినముననే అదే కొండమీద జరిగిన మరియొక సంగతిని మనము తొందరగా దాటిపోవుచుందుము. దేశములో మూడేండ్లుగా వాన లేదు. ఏలీయా కొండకొమ్ము మీదికి ఎక్కి, నేలకు వంగి, ముఖమును మోకాళ్లమధ్య ఉంచుకొని ప్రార్థించుచుండెను. తన పనివానిని పిలిచి, సముద్రము వైపు చూచి రమ్మని పంపెను. అతడు పోయి చూచి వచ్చి, ఏమియు కనబడలేదని చెప్పెను. ప్రవక్త అతనిని మరల మరల పంపెను. ఏడవ మారు అతడు వచ్చి, మనుష్యుని చెయ్యంత చిన్న మేఘమొకటి కనబడుచున్నదని చెప్పెను.

ఏలీయా ప్రార్థననుగూర్చి మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. ఆ పనివానినిగూర్చి ఒక్కమారైనను మాటలాడలేదు. అతని పేరైనను గ్రంథములో వ్రాయబడలేదు. అతని పని యేమి? ఎక్కుట, చూచుట, దిగివచ్చుట, చూచినది చూచినట్టు చెప్పుట. అంతే.

అయినను ఆ పని సులువైనది కాదు. తన యజమానుడు గొప్ప ప్రవక్త. వాన వచ్చునని రాజుతో ముందే చెప్పియున్నాడు. అట్టివానియొద్దకు పోయి, లేదని ఒకమారు చెప్పవచ్చును. ఆరు మారులు చెప్పుట ఎట్లు? యజమానుని సంతోషపెట్టుటకై, ఏదో మబ్బువలె తోచుచున్నదని రెండవ మారే చెప్పియుండవచ్చును. లేక నాలుగవ మారు పైకి ఎక్కక, ఒక బండచాటున కొంతసేపు కూర్చుండి వచ్చి, లేదని చెప్పియుండవచ్చును. ఎవరు చూడబోయిరి? అతడు రెండును చేయలేదు. ప్రతి మారు ఎక్కెను, ప్రతి మారు చూచెను. చెయ్యంత మేఘమును చెయ్యంత మేఘమనియే చెప్పెను, కొండంత చేయలేదు. ఆరు మారులు లేదని నిజము చెప్పినవాడు గనుకనే, ఏడవ మారు ఉన్నదని చెప్పినప్పుడు ప్రవక్త ఆ మాట నమ్మి, రథము కట్టుకొనుమని రాజునకు కబురు పంపెను.

అట్టి పనివారు నేటికిని ఉన్నారు. వారిని వెదకుచు కర్మెలువరకు పోనక్కరలేదు. మార్కాపురము, గిద్దలూరు, ఆత్మకూరు ప్రాంతముల సంఘస్థులకు నల్లమల కొండలు వాకిట నిలిచినట్టే కనబడును. ఆ అడవి 1983లో పులుల రక్షిత ప్రాంతముగా ఏర్పరచబడినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత కృష్ణకు ఈవలి భాగము నాగార్జునసాగర్–శ్రీశైలము పేరిట ఆంధ్రప్రదేశ్‌లోను, ఆవలి భాగము అమ్రాబాద్ పేరిట తెలంగాణలోను ఉన్నవి. ఇట్టి అడవులలో చెట్టును, పొదను, గడ్డిని కనిపెట్టి వ్రాయు పని కలదు. అడవి ఉద్యోగులతోకూడ కొన్ని వారముల కూలికి పోవు పడుచువారును, అడవి తెలిసిన చెంచువారును ఈ పని చేయుదురు. ఋతువు ముగిసినంతనే పనియు ముగియును.

మన దేశములో పులుల లెక్క 2006 నుండి నాలుగేండ్లకొకమారు ఒకే పద్ధతిని జరుగుచున్నది. 2006లో 1,411 పులులనియు, 2022లో 3,682 పులులనియు అంచనా వేసిరి. పత్రికలలో ఈ అంకెలే పెద్ద అక్షరములతో పడును. వాటి వెనుక గడ్డిని చూచినవారున్నారని ఎందరికి తెలియును? అడవిలో రెండు కిలోమీటర్ల తిన్నని దారి నిర్ణయించెదరు. ఆ దారిని నడచి, 400 మీటర్లకొక చోట ఆగెదరు. ఆగినచోట చుట్టు 15 మీటర్ల దూరములో ఏ చెట్లు ఎక్కువగా నున్నవి, నల్లమద్దియా, చిరుమానా, తునికియా, ఏ పొదలున్నవి అని వ్రాసెదరు. పిమ్మట మీటరు దూరములో నేలకు వంగి చూచెదరు. పచ్చగడ్డి ఎంత, ఎండుగడ్డి ఎంత, రాలిన ఆకు ఎంత, కలుపు ఎంత, వట్టి నేల ఎంత? కొమ్మ నరికిన గుర్తున్నదా, పశువులు తిరిగిన జాడయున్నదా? ఇవన్నియు వ్రాసి లేచి, మరల 400 మీటర్లు నడచెదరు.

పులికొరకు గడ్డిని ఏల చూడవలెనని అడుగుదురేమో. పులి దుప్పిని, కణితిని తిని బ్రదుకును. అవి గడ్డిని, ఆకును తిని బ్రదుకును. గడ్డి పోయినచోట దుప్పి నిలువదు. దుప్పి లేనిచోట పులి నిలువదు. తోటల అందమునకై పరదేశమునుండి తెచ్చిన లంటానా కంప నేడు మన దేశపు అడవులను అల్లుకొని గడ్డిని అణచుచున్నది. మన పొలము గట్లమీది వయ్యారిభామ 1950ల దశకములో ఈ దేశములో కనబడి, ఇప్పుడు కనబడని ఊరు లేదు. కలుపు ఒక్కదినమున అడవిని కప్పదు. మూర మూరగా జరుగును. వంగి చూచు కన్ను లేనియెడల దాని రాక ఎవరికిని తెలియదు.

చూడక వ్రాసిన లెక్క ఎంత నష్టము చేయునో దేశమంతయు ఒకమారు తెలిసికొన్నది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో ఏటేట పులులున్నవనియే లెక్కలు వ్రాయబడుచు వచ్చెను. 2005లో వెదకి చూడగా అక్కడ ఒక్క పులియు మిగులలేదని తేలినది. వేటగాండ్రు వాటిని చంపివేసిరి. కాగితముమీద పులులు సజీవముగానే యుండెను. మూడేండ్ల తరువాత, 2008లో, రణథంబోర్ అడవినుండి పులులను తెచ్చి అక్కడ విడువవలసి వచ్చెను. తప్పిపోవుచున్న కాలముననే ఎవరైనను లేదని చెప్పియుండినయెడల, ఉన్నవాటినైనను కాపాడుటకు వేళ యుండెడిది గదా!

మా సంఘములోని ఒక యౌవనస్థుడు ఒక వేసవి ఆరంభమున ఇట్టి పనికి పోయెను. చదువుకొన్నవాడు, ఇంటికి ఆ కూలి అవసరము. ఒకనాడు మిట్టమధ్యాహ్నమునకు నీళ్లు అయిపోయినవి. కడపటి గురుతు ఒక లోయ ఆవల, ముండ్లకంప నడుమ నుండెను. అతడు ఒక నల్లమద్ది చెట్టు నీడను కూర్చుండి, ముందటి గురుతువద్ద వ్రాసిన లెక్కనే మరల వ్రాసెను: సగము ఎండుగడ్డి, సగము రాలిన ఆకు. వెంటనున్న చెంచు పెద్దకు చదువు రాదు. ఆ అవతలి వాలుకు ఏమి వ్రాసితివని ఆయన అడిగెను. ఇక్కడివలెనే వ్రాసితినని ఇతడు చెప్పెను. ఆ పెద్ద కొంతసేపు ఊరకుండి, "ఆ వాలులో పది రోజుల నాడు మంట పోయింది. అక్కడ గడ్డెక్కడిది అబ్బాయీ?" అనెను. ఇతడు సిగ్గుపడెను, అయినను కాగితమును దిద్దలేదు. సాయంకాలమున అది మిగిలిన కాగితములతోకూడ పైకి పోయెను.

వచ్చిన ఆదివారము ప్రభువు బల్ల. ఆరాధనకు ముందుగా అతడు మాయొద్దకు వచ్చి జరిగినదంతయు చెప్పెను. ప్రియులారా, అప్పుడు మేము చెప్పిన మాటను దాచక మీతో చెప్పుచున్నాము. "నాయనా, ఇన్ని కాగితములలో అది ఒక కాగితము. దేవునియెదుట ఒప్పుకొనుము, ఆయన క్షమించును, బల్లయొద్దకు రమ్ము" అంటిమి. అతడు తల వంచుకొని నిలుచుండి, "దేవునికి చెప్పుకొన్నానయ్యగారూ. కాగితము మాత్రం అట్లాగే ఉంది" అనెను.

మాకు మాట రాలేదు. మేము క్షమాపణను పలికితిమి. అతడు సత్యమును పలికెను. ఆ వాలుమీద లేని గడ్డి ఉన్నట్టు ఇంకను సాక్ష్యము చెప్పబడుచునే యుండెను. ఆ అబద్ధసాక్ష్యము మోకాళ్లమీద పోవునది కాదు. నడచి పోయి దిద్దవలసినది.

సోమవారమున అతడు పోయి పనిచేయించువారితో నిజము చెప్పెను. ఆ దినపు కూలి కోసివేసిరి. ఆ చెంచు పెద్దయే వెంట రాగా లోయ దాటి ఆ గురుతువద్దకు చేరి, నేలకు వంగి చూచెను. నల్లని మసి, కాలిన మొదళ్లు. పచ్చగడ్డి: లేదు. ఎండుగడ్డి: లేదు. అట్లే వ్రాసి ఇచ్చెను. మరుసటి ఋతువున అతనికి పిలుపు రాలేదు. నిజము చెప్పినవానికి ప్రతిఫలము వెంటనే దొరకునని మేము మీతో చెప్పజాలము. అతడు ఆ తరువాత బల్లయొద్దకు వచ్చి చేయి చాచినప్పుడు, ఆ రొట్టెను అతనికిచ్చిన మా చెయ్యి వణకెనని మాత్రము చెప్పగలము.

ఏలయనగా, ఆ రాత్రి మేము మా గృహదర్శనముల పుస్తకము తీసి చూచుకొంటిమి. ఫలాని ఇల్లు దర్శించితిమి, ప్రార్థించితిమి అని తేదీలతో వ్రాసియున్నాము. వాటిలో కొన్ని ఇండ్లకు బాటమీదనుండి వందనము చెప్పి సాగిపోతిమేగాని గడప దాటలేదు. అందొక ఇంటిలో ఒక విధవరాలు మంచముమీద నుండెను. మేము దర్శించినట్టు వ్రాసియున్నందున ఆమెయొద్దకు మరి యెవరును పంపబడలేదు. మేము కూడ నీడను కూర్చుండి గడ్డి వ్రాసినవారమే. ఆ మరునాడు ఆమె ఇంటికి పోయి, ఆమెయెదుట ఒప్పుకొంటిమి. పుస్తకములో ఆ పంక్తిని కొట్టివేసి, దర్శింపలేదని వ్రాసితిమి.

ప్రియులారా, మీ చేతిలోను ఏదో యొక కాగితము ఉన్నది. ఒకరికి ఉపాధి పని హాజరు పట్టీ, ఒకరికి బడిపిల్లల హాజరు, ఒకరికి పాల కేంద్రపు లెక్క, ఒకరికి సంఘపు కానుకల పద్దు. కొలతలోను తూనికలోను అన్యాయము చేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు ఆజ్ఞాపించెను. పొలము కొలుచు త్రాడు ఎట్టిదో, గడ్డిని కొలుచు కన్నును అట్టిదే. నేడు కొన్నిచోట్ల కాగితమునకు బదులు ఫోనులో వ్రాయుచున్నారు. మనిషి నిలిచిన చోటును ఫోను చెప్పగలదు. అతడు వంగి చూచెనో లేదో అది చెప్పజాలదు. దానిని చూచువాడు ఒక్కడే.

మన ఆత్మల లెక్కయు అట్టిదే. కూటములో సాక్ష్యము చెప్పుమనినప్పుడు, పోయిన ఏటి సాక్ష్యమునే ఈ ఏడును అప్పగించుచున్నామా? మంట పోయిన వాలును పచ్చని మైదానమని పాడుచున్నామా? ఈ నెలలో నా ప్రార్థన ఎండిపోయినది, నా హృదయములో ఏమియు లేదని చెప్పుటకు భయపడకుడి. ఏమియు లేదని విన్నప్పుడు ఏలీయా పనివానిని గద్దింపలేదు. మరల పోయి చూడుమనెను. లేదని ఒప్పుకొన్నవానికి మరల చూచు వేళ దొరకును. ఉన్నదని బొంకినవాడు చూచుటయే మానును. చెయ్యంత మేఘము లేచు దినమున అతడు కొండమీద ఉండడు.

మన ప్రభువు నమ్మకమైన సాక్షియని ప్రకటన గ్రంథము చెప్పుచున్నది. ఆయన పరలోకపు నీడను కూర్చుండి మననుగూర్చి వ్రాయలేదు. మన లోయ దాటి, మన ముండ్లలోనికి వచ్చి, మన కాలిన నేలను వంగి చూచెను. ఆ ముండ్లనే తలమీద ధరించెను. మన లేమిని ఉన్నదున్నట్టు చూచియు మనలను ప్రేమించినవాడు ఆయనే గనుక, ఆయనయెదుట నిజము చెప్పుటకు మనకు భయమెందుకు?

కడపటిగా ఒక మాట. గుండ్లకమ్మ ఏరు నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరమువద్ద పుట్టి, కంభము చెరువును నింపి, తూర్పునకు పారుచున్నది. 1876–78 మహా కరవు పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లియొద్ద ఆ ఏటిలోనే 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. క్లౌ దొరగారి కాలపు ఆ సంగతిని మన పెద్దలు చెప్పగా వింటిమి. ఆ నీళ్లు ఎక్కడివి? కొండమీది వానను ఆకు, వేరు, గడ్డి పట్టియుంచి మెల్లగా విడువగా వచ్చినవి. మన పితరులు మునిగి లేచిన ఏటికి తల్లి ఆ అడవి. దాని గడ్డినిగూర్చి ఎవడో పేరులేని పనివాడు ఒక వాలుమీద వంగి నిజము వ్రాయుచున్నయెడల, అతడు మన ఏటిని కాయుచున్నాడు. అట్టివారికొరకు ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలలో దేవుని వేడుకొనుడి. మీ చేతిలోని కాగితమును గూడ ఆ ప్రార్థనయెదుట తెరచి యుంచుడి.

ప్రార్థన: సత్యవంతుడవైన తండ్రీ, చూడక వ్రాసిన మా లెక్కలను క్షమించుము. నడచి పోయి వాటిని దిద్దుకొను ధైర్యము మాకిమ్ము. లేనిది లేదని చెప్పు నోటిని, చిన్న మేఘమును చూడగల కన్నును మాకు దయచేయుము. అడవులలో ఎండకు నడచు పనివారిని కాపాడుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.