మొక్కతోపాటు ఒక మాట

ఆడవాళ్ళ మధ్య డబ్బు ప్రసక్తి లేకుండా ఇచ్చిపుచ్చుకునేవి కొన్నున్నాయి. తోడుకి గరిటెడు పెరుగు, ముగ్గుల పుస్తకం, జాకెట్టు కొలత, మొక్క అంటు. వీటిలో అంటుకున్న మర్యాదే వేరు. "వదినగారూ, మీ మందారం కొమ్మొకటి ఇస్తారా?" అంటే లేదనే ఇల్లాలు అరుదు. మనీప్లాంటు విషయంలో అడగడం కూడా అక్కర్లేదు. దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందని మనమే ఓ ధర్మశాస్త్రం రాసేసుకున్నాం!

ఇంట్లో మన మాట ఎంతవరకూ సాగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. టీవీ ఆయనది, బల్ల పిల్లలది. వంటగది మనదే అనుకుంటాం గానీ అక్కడా అత్తగారి రుచులకో, డాక్టరుగారి ఆంక్షలకో లోబడి ఉండాల్సిందే. పెరడొక్కటే మన ఏలుబడి. పెరడు లేనివాళ్ళకి బాల్కనీలో నాలుగు కుండీలు. "నా పెరడు, నా ఇష్టం" అనుకోవడంలో ఉన్న సుఖం చిన్నదేం కాదు. అలాంటి చోటికి కూడా చట్టం వచ్చి, ఇది పెంచుకో, అది పీకెయ్యి అంటే ఎలా ఉంటుంది?

అలాంటి చట్టం కూడా ఉంటుందా అనకండి. ఎప్పుడో వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1919లో, పంటల చీడపీడలతోపాటు హానిచేసే కలుపుమొక్కల్ని కూడా అరికట్టడానికి ఒక చట్టం చేశారు. 1936లో బెంగాల్లో అయితే చట్టం ఏకంగా ఇంటి ఆవరణలోకే అడుగు పెట్టింది. అది గుర్రపుడెక్క మీద చేసిన చట్టం.

గుర్రపుడెక్క మనకి కొత్తదేమీ కాదు. చెరువుల్లో, మురుగుకాలవల్లో, కొల్లేట్లో చూస్తూనే ఉన్నాం. కానీ దాని పువ్వుని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? లేత ఊదారంగు రేకులు, పై రేకు మధ్య నెమలికన్నులాంటి మచ్చ. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన మొక్క ఇంత దూరం వచ్చిందంటే ఆ అందం వల్లే. తోటలో కొలనుకి శోభగా ఉంటుందని తెచ్చుకున్నారు. అది కొలను దాటి బెంగాల్ నదుల్లోకి వెళ్ళింది. పడవలకి దారి లేకుండా చేసింది, వరిచేలని కమ్మేసింది, కింద చేపలకి ఊపిరాడనివ్వలేదు. చివరికి ఆ మొక్కని ఇంటి ఆవరణలో ఉంచుకోకూడదనీ, దాన్ని నాశనం చెయ్యడంలో పౌరులంతా చెయ్యి కలపాలనీ చట్టం చెయ్యాల్సి వచ్చింది. 1937 ఎన్నికల్లో పార్టీలు గుర్రపుడెక్క లేకుండా చేస్తామని వాగ్దానాలు చేశాయి. ఒక పువ్వు ఎన్నికల ప్రణాళికల దాకా ఎక్కిందంటే మాటలా!

మరి ఇందులో తప్పెవరిది? మొక్కకి తప్పొప్పులు తెలీవు, బతకడం ఒక్కటే తెలుసు. తెచ్చినవాళ్ళు పువ్వుని చూశారు గానీ, ముందు జరగబోయేది చూడలేదు. తెలియక చేసినదాన్ని తప్పంటామా, పొరపాటంటామా? నన్నడిగితే, మొదటి మనిషి సంగతి తేల్చడం సులువే. అసలు చిక్కు ఆ తరవాత మనిషితోనే వస్తుంది. మొక్క సంగతి తెలిసి కూడా పువ్వు బాగుంది కదా అని ఇంకొకరి చేతిలో పెట్టినవాళ్ళని ఏమనాలి?

ఈ ప్రశ్న నా తలలో పడేసింది మా పెదనాన్నగారి మనవరాలు. భార్యాభర్తలిద్దరూ ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తూ అక్కడ ఇల్లు కొంటున్నారు. వీడియోకాల్లో తెగ నవ్వుతూ చెప్పింది: "పిన్నీ, మన పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలడగరు. ఇల్లు అమ్మేవాళ్ళు నింపే కాగితంలో ఒక మొక్క గురించి కూడా అడుగుతారు తెలుసా?"

ఆ మొక్క పేరు జపనీస్ నాట్‌వీడ్. వెదురులా కణుపులున్న కాడలు, తెల్లటి పూలగుత్తులు. జపాన్‌లో అగ్నిపర్వతాల వాలుల మీద కూడా మొలిచే మొండిఘటం. సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని హాలెండు తీసుకెళితే, 1847లో అక్కడి ఉద్యాన సంఘం ఒకటి బంగారు పతకం ఇచ్చి మరీ సన్మానించింది. 1850లో లండన్ దగ్గర క్యూ తోటకి చేరింది. అక్కణ్ణించి ఇంటింటి పెరట్లోకీ వెళ్ళింది. తీరా చూస్తే, గోరంత వేరుముక్క మట్టిలో మిగిలినా మళ్ళీ లేస్తుంది. గోడల పగుళ్ళలోంచీ, బాటల మీద పరిచిన రాళ్ళ సందుల్లోంచీ తల ఎత్తుతుంది. అది ఉన్న ఇంటికి అప్పివ్వడానికి బ్యాంకులు సందేహిస్తాయి.

చిత్రమేమిటంటే, ఆ మొక్క మీ పెరట్లో ఉండటం అక్కడ నేరం కాదు. దాన్ని బయట ప్రకృతిలో నాటడం, పెరిగేలా చెయ్యడం 1981 చట్టం ప్రకారం నేరం. పీకిన చెత్తని ఎక్కడపడితే అక్కడ పారబొయ్యకూడదు. ఎంత చెప్పినా అదుపు చెయ్యని ఇంటివాళ్ళకి 2014లో చేసిన సంఘవ్యతిరేక ప్రవర్తన చట్టం కింద నోటీసు కూడా ఇవ్వొచ్చు. వీధిలో అల్లరి చేసేవాళ్ళ కోసం చేసిన చట్టమే మొక్కని పట్టించుకోని పెద్దమనుషులకీ వర్తిస్తుందన్నమాట! 2018లో వేల్స్‌కి చెందిన ఒక కేసులో, రైల్వే స్థలంలోని నాట్‌వీడ్ పక్కనున్న బంగళాల్లోకి వేళ్ళు చాచిందని అప్పీలు కోర్టు ఇంటివాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. ఇంటి ధర తగ్గిపోవడం ఒక్కటే అయితే చాలదట. తమ స్థలాన్ని తాము హాయిగా అనుభవించలేకపోవడమే అసలు నష్టమంది.

ఇదంతా న్యాయంగానే ఉంది. కానీ నన్ను ఆలోచనలో పడేసింది ఆ కాగితం మీది ప్రశ్నే. "ఈ మొక్క ఉందా?" అన్నదానికి జవాబులు మూడు: ఉంది, లేదు, తెలియదు.

ఆ "తెలియదు" ఉంది చూశారూ, అది మహా గడుసుది. నిజంగా తెలియనివాళ్ళకి అది సత్యం. తెలిసినవాళ్ళకి అబద్ధం. ఈ రెంటి మధ్యా మూడో రకం మనుషులున్నారు: తెలుసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళు. పెరట్లో ఆ మూలకి వెళ్ళరు, ఆ పొద వెనక్కి చూడరు. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. లండన్‌లో ఒకాయన ఏకంగా "లేదు" అనే రాసి ఇల్లమ్మాడు. కొన్నాయన పెరటి పొద వెనక మొక్కని కనిపెట్టి కోర్టుకెళ్ళాడు. ఆ పొద అడ్డంగా ఉండి తనకి కనబడలేదని అమ్మినాయన వాదించాడు. 2023లో కోర్టు ఆ మాట నమ్మలేదు, నష్టపరిహారం కట్టమంది. తెలియకపోతే "తెలియదు" అని రాయొచ్చుగా!

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మన పెద్దవాళ్ళు. ఆ మాట నమ్మి జరిపించిన పెళ్ళిళ్ళలో అబద్ధాల బరువు ఎవరు మోశారో మనకి తెలియంది కాదు. చెప్పినవాళ్ళు భోజనం చేసి వెళ్ళిపోతారు. మొక్కల సంగతీ అంతే. ఇచ్చినవాళ్ళకి పోయేదేం లేదు. గునపం పట్టేది పుచ్చుకున్నవాళ్ళూ, వాళ్ళ పక్కింటివాళ్ళూ.

అలాగని పరాయి దేశపు మొక్కలన్నిటినీ అనుమానంగా చూడమంటున్నానా? అంతమాట అనలేను. "పిన్నీ, ఆ మొక్క గురించి చదువుతుంటే 'పరాయి జాతి' అన్న మాట పదేపదే వస్తోంది. ఒక్కోసారి మనసు కలుక్కుమంటుంది" అంది మా పిల్ల. వేరే దేశంలో వేళ్ళూనుకోడానికి తంటాలు పడుతున్నవాళ్ళకి అలా అనిపించదూ మరి? మన ఆవకాయలో మిరపకాయ ఎక్కడిది? అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. జామ, బొప్పాయి, టమాటా అన్నీ ఆ వైపువే. గుమ్మానికి కట్టే బంతిపూలు కూడా మెక్సికో పక్కవే! ఎక్కడినుంచి వచ్చిందన్నది కాదు ప్రశ్న. వచ్చాక పక్కవాళ్ళని బతకనిస్తోందా లేదా అన్నదే.

తలంబ్రాల మొక్కనే తీసుకోండి. కొన్నిచోట్ల పులికంప అంటారు, నర్సరీవాళ్ళు లాంటానా అంటారు. పసుపూ, గులాబీ, నారింజ రంగుల చిట్టిచిట్టి పూలు గుత్తులుగా పూస్తుంది. ఇదీ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో తోటల అలంకారానికని కలకత్తాకి వచ్చిందే. పిట్టలు పళ్ళు తిని విత్తనాలు మోసుకెళ్ళాయి. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో లక్షన్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిని అది ఆక్రమించింది. లేళ్ళు మేసే గడ్డిని అది మొలవనివ్వదు. మరి లేళ్ళు లేకపోతే పులులేం తింటాయి?

మన ప్రభుత్వం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి, ఇలాంటి ఆక్రమణ జాతుల దిగుమతినీ, అమ్మకాన్నీ, ఉంచుకోవడాన్నీ కట్టడి చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. మంచిదే. కానీ చట్టం ఎంతమంది బాల్కనీలకని ఎక్కి దిగుతుంది? మన గోడ మీంచి ఎగిరే పిట్టని ఏ అధికారి ఆపుతాడు? చట్టం చూడలేని చోట చూడవలసినవాళ్ళం మనమే. ఇంగ్లండులో కాగితం అడుగుతుంది కాబట్టి చెబుతారు. మనల్ని ఎవరూ అడగరు. అడగనప్పుడు చెప్పడంలోనే మనిషి తనం తెలుస్తుంది.

చెబితే ఏమనుకుంటారోనన్న బెంగ ఉంటుంది, కాదనను. "ఒక్క కొమ్మ అడిగితే ఎన్ని పురాణాలు చెప్పింది, ఇవ్వడం ఇష్టంలేక కాదూ!" అనుకునేవాళ్ళుంటారు. అనుకోనివ్వండి. "ఇది కుండీలోనే ఉంచండి, వదినగారూ. కాయ ముదరకముందే తుంచెయ్యండి. పీకితే చెరువుగట్టున పారెయ్యకండి" అని చెప్పడానికి అరనిమిషం పడుతుంది. మరీ పొగరుబోతు మొక్కయితే, "ఇది వద్దులెండి, నందివర్ధనం కొమ్మ ఇస్తాను పట్టుకెళ్ళండి" అనొచ్చు. వట్టి చేతుల్తో పంపించామన్న మాట రాదు, పక్కింటావిడ రేపు గునపం పట్టుకుని మనల్ని తలుచుకోవాల్సిన పనీ ఉండదు.