పురుగుకిచ్చిన మర్యాద

జలగ వైద్యం గురించి మాట్లాడేటోళ్లు ముందుగాల సుశ్రుతుని పేరు చెప్తరు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 13వ అధ్యాయం జలగల మీదనే ఉన్నది. రాజులు, ధనవంతులు, పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు, సుకుమారులు - వీళ్లకు చెడు రక్తం తీయడానికి జలగే మెత్తటి సాధనమంటాడు. జలగల్లో 12 రకాలు చెప్తాడు. విషమున్నవి ఆరు, లేనివి ఆరు. వాటిని తడి తోలుతో పట్టమంటాడు. ఆ మాట కాడ నేను ఆగిపోయిన. ఆ తోలు ఒలిచిందెవరు? జలగకు పేర్లున్నయి. తోలు తెచ్చినోనికి లేదు.

మాది తోలు పని చేసిన ఇల్లు. లంద కాడ, తంగేడు చెక్క నీళ్లల్ల నానిన కాళ్లు మా నాయినవి. షుగర్ వచ్చినంక ఆ కాలికే పుండయింది, పురుగులు పడ్డయి. ఊర్ల ఒక పెద్దమనిషి దూరంకెల్లే చూసి, "మీ బతుకే పురుగుల బతుకు గదరా" అన్నడు. అఫ్జల్‌గంజ్‌ల ఉస్మానియా దవాఖానకు తెచ్చినం. టర్పెంటైన్ నూనె పోసి ఒక్కొక్క పురుగును తీసిండ్రు. కట్టు కట్టిన సిస్టరమ్మ కులం అడగలేదు.

పురుగులన్నీ ఒక్కటి కావు. ఈగ వాలి పడ్డవి బతికున్న కండను కూడ తినొచ్చు. వైద్యానికి వాడేవి శుభ్రంగా పెంచిన లూసీలియా ఈగ పురుగులు. అవి చచ్చిన కండను తిని పుండును శుభ్రం చేస్తయి. మొదటి ప్రపంచ యుద్ధంలో దిక్కులేక పడి ఉన్న సైనికుల గాయాల్లో, పురుగుల కింద ఎర్రటి కొత్త కండను విలియం బేర్ అనే అమెరికా డాక్టరు చూసిండు. జలగ లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనియ్యదు. అందుకే తెగిన వేలు అతికించినంక అక్కడ నిలిచిపోయిన రక్తాన్ని లాగడానికి జలగను పెడతరు. 2004లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ రెంటినీ వైద్య సాధనాలుగా ఒప్పుకున్నది.

ఈ సంగతి చెప్తే ఒక తమ్ముడు సంబరపడ్డడు. "పురుగుకే గౌరవం దొరికిందన్నా. ఊరి మురికి ఎత్తేది మనమే గదా. మన సేవను కూడ గుర్తిస్తరు."

తమ్ముడూ, నాకు ఆ లెక్క వద్దు. పురుగుకు దొరికింది గౌరవం కాదు, ఖరీదు. పుండు శుభ్రం కాంగనే కట్టు విప్పి పురుగులను పారేస్తరు. పెద్ద దవాఖానల్లో జలగను ఒక రోగికి వాడినంక చంపేస్తరు. పనికొచ్చినందుకు దక్కిన మర్యాద పనితోనే పోతది. పాకీపనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించినయి. అయినా మ్యాన్‌హోళ్లల్ల మనోళ్లు చస్తనే ఉన్నరు. సేవ అని పొగిడే నోళ్లు మాత్రం తక్కువ లేవు.

దవాఖాన నుంచి వచ్చినంక మా నాయిన ఏ పనీ చేయలేకపోయిండు. సేవతోనే మనిషి విలువ కడితే, ఆ ఏండ్లల్ల ఆయన విలువ ఎంత? సున్నానా?

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. నువ్వు దేనికి పనికొస్తవని అది మనల్ని అడగలేదు. మనం కూడ ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు.