తిరిగిన మరకే కూలి

అనంతపురం జిల్లాలో వానకే గానీ గాలికి కరువు లేదు. ఆ జిల్లాలోని ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరు పక్కపక్క చేలల్లో చెనక్కాయ వేసేవాళ్లు. వాన మొహం చాటేస్తే బావి నీళ్లతో తడి ఇయ్యాల్సిందే. ఇద్దరివీ డీజిల్ ఇంజన్లే.

ఒకనాడు పట్నం నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. "మీరు డీజిల్ మాని గాలిమరతో మోటారు నడుపుకోండి. ఇక్కడ తగ్గిన పొగను మా ఫ్యాక్టరీ ఖాతాలో రాసుకుంటాం. టన్ను బొగ్గుపులుసు వాయువు తగ్గితే ఒక కార్బన్ క్రెడిట్. మరకు డబ్బు మాది" అన్నాడు.

అన్న వెంటనే ఒప్పుకున్నాడు. పదేళ్లలో తగ్గబోయే పొగకంతా ఒకేసారి లెక్కగట్టి సొమ్ము ఇచ్చేశారు. నలుగురికీ కనబడాలని రోడ్డు పక్క వేపచెట్ల నడుమ మర నిలబెట్టారు. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

తమ్ముడు మాత్రం, "సార్, మర ఖర్చు ఇప్పుడియ్యండి. మిగతాది ఏటేటా, డీజిల్ తగ్గిందని చూసినాకే ఇయ్యండి. రిపేరు పని మాకు నేర్పండి" అన్నాడు. చెట్లకు దూరంగా, మిట్ట మీద ఎత్తైన స్తంభానికి మర కట్టించాడు. అడ్డు లేని ఎత్తులో గాలి జోరెక్కువ, గాలి వేగం రెట్టింపయితే దాని శక్తి ఎనిమిది రెట్లవుతుంది మరి. మర రాకముందు నుంచీ కొన్న ప్రతి డీజిల్ క్యానుకూ ఇంజను గది గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు.

ఆషాఢ గాలులకు రెండు మరలూ తిరిగాయి. రెండో ఏడు అన్న మరలో బేరింగు కీచుమంది. గ్రీజు పెట్టాలని ఆయనకెవరూ చెప్పలేదు. మర ఆగింది, ఇంజను మొదలైంది. కంపెనీ పుస్తకంలో మాత్రం మర తిరుగుతూనే ఉంది. ఆ లెక్క చూపించి ఫ్యాక్టరీ పొగ వదులుతూనే ఉంది.

మూడో ఏడు ఆడిటరు వచ్చి తమ్ముడి గోడ చూశాడు. మర రాకముందు ఏడాదికి గోడ పొడుగునా గీతలు. ఈ ఏడాదికి నాలుగే, గాలి పడిపోయిన రోజులవి. అన్న గదిలో డీజిల్ వాసన ముక్కుకు కొట్టింది.

"మర ఉంది గదా సార్!" అన్నాడు అన్న.

"ఉంటే చాలదు పెద్దాయనా, తిరగాల" అని ఆడిటరు కంపెనీ పుస్తకంలో అన్న మర లెక్క కొట్టేశాడు. ఆ సాయంత్రమే తమ్ముడు గ్రీజు డబ్బా, కొత్త బేరింగు తీసుకొని అన్న మర ఎక్కాడు.

నీతి: పొగ తగ్గిందన్న మాట కాగితం మీద కాదు, చేలో నిజం కావాలి. దాదాపు 370 లీటర్ల డీజిల్ కాల్చకుండా మిగిలితేనే ఒక క్రెడిట్. కొనేవాళ్లు ముందు తమ పొగ తగ్గించుకోవాలి. ఆపై తగ్గించలేని దానికే రైతు దగ్గరికి రావాలి. వచ్చినప్పుడు మూడు సంగతులు అడగాలి: మన డబ్బు లేకుంటే ఈ మర వచ్చేదా? డీజిల్ నిజంగా తగ్గిందా? మర ఆగితే బాగుచేసేదెవరు? రైతులారా, మరతోపాటు దాన్ని బాగుచేసే విద్య, ఏటేటా ఖర్చులకు సొమ్ము కూడా ఒప్పందంలో రాయించుకోండి. అవి లేని కాగితం మీద సంతకం పెట్టకండి.