సాలీడును సాకడం – మొదటి శీలం



మా అక్క కొడుకు అమెరికాలో, డాలస్‌లో చదువుకుంటున్నాడు. వాడితో గదిలో ఉన్న కుర్రాడు చదువైపోయి వెళ్తూ వెళ్తూ ఒక గాజు పెట్టె వీడికి అప్పగించి పోయాడు. అందులో అరచేయంత సాలీడు. టారంటులా అంటారు. చిలీ దేశపు రకం, ఒంటి నిండా గులాబీ రంగు నూగు. అక్కడ కుక్కనీ పిల్లినీ పెంచుకున్నట్టే దీన్ని కూడా పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రాత్రే వాడు నాకు ఫోన్ చేశాడు.

"పిన్నీ, దీనికి బతికున్న కీచురాళ్లని తిండిగా వెయ్యాలంట. నేను పంచశీల తీసుకున్నవాణ్ణి కదా. వెయ్యకపోతే ఇది చస్తుంది, వేస్తే అవి చస్తాయి. ఏం చెయ్యమంటావు?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ప్రాణిహింస చెయ్యనని ప్రతి ఆదివారం విహారంలో చెప్పుకుంటాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో కూడా సకల జీవుల మీద దయ చూపి కాపాడతాననే మాట ఉంది. కానీ ఒక జీవి ప్రాణం మరో జీవి ప్రాణం మీద ఆధారపడి ఉన్నప్పుడు ఎవరిని కాపాడాలి?

'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' మళ్లీ తీశాను. అహింస గురించి బాబాసాహెబ్ అందులో రెండు విషయాలు విడదీసి చెబుతారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. బుద్ధుడు కాదన్నది మొదటిదాన్ని. ఇంకోటి, అహింసను బుద్ధుడు గుడ్డిగా పాటించే నియమంగా పెట్టలేదు, ఆలోచించి నడుచుకునే సూత్రంగా పెట్టాడు. అంటే ఆలోచించే బరువు మన మీదే ఉంది.

మర్నాడు వాడికి ఇలా చెప్పాను. "సాలీడుకి అన్నం, ఆకులు పనికిరావు. వేటే దాని తిండి. నువ్వు దాన్ని కోరి కొనలేదు, నీ చేతికొచ్చింది. బయట వదిలేద్దామంటే అది దాని ఊరు కాదు. కాబట్టి తిండి పెట్టడం నీ బాధ్యత. అయితే కీచురాయి చావు నీకు వినోదం కాకూడదు." ఎందుకన్నానంటే, వాడి స్నేహితులు ఆ వేట చూడ్డానికి వస్తామన్నారంట, వీడియో తీస్తామన్నారంట. చంపే అవసరం చంపే కోరికగా మారే చోటు సరిగ్గా అదే. వాడు వాళ్లని రావద్దన్నాడు.

ఇక సాకడం నేర్చుకోవడం మొదలైంది. వాడు చేసిన తప్పులన్నీ ప్రేమతో చేసినవే. చలేస్తుందేమోనని పెట్టె మీద వేడి దీపం పెట్టాడు. అనుభవం ఉన్నవాళ్లు చూసి తీసెయ్యమన్నారు. మనుషులు హాయిగా ఉండే గది వేడి ఈ రకానికి సరిపోతుంది, దీపం దాన్ని ఎండగట్టేస్తుంది. ఆకలేస్తుందేమోనని రోజూ కీచురాళ్లు వేశాడు. దానికి వారానికి ఒకటి రెండు చాలు, కొన్నిసార్లు నెలల తరబడి తినకుండా కూడా ఉంటుంది. తినని పురుగుని లోపలే వదిలితే అదే సాలీడుని కొరికే ప్రమాదం ఉంది. చేతిలోకి తీసుకుని నిమరబోయాడు. అది వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాల్చింది. రెండు రోజులు చేతులు దురద. ఆ నూగు కంట్లో పడితే ఇంకా ప్రమాదం. చెయ్యి జారి అది కింద పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. అందుకే పెట్టెలో కొబ్బరి పీచు పొడి మందంగా పోసి, పైన మూతకీ దానికీ మధ్య ఎత్తు తక్కువ ఉంచాలి. ఒక మూల చిన్న నీళ్ల గిన్నె, దాక్కోవడానికి ఒక చాటు, గాలి ఆడడానికి రంధ్రాలు. అంతే.

ఒకరోజు అర్ధరాత్రి ఏడుపు గొంతుతో ఫోన్. "పిన్నీ, వెల్లకిలా పడిపోయింది. చచ్చిపోయింది." చావలేదు. కుబుసం విడుస్తోంది. టారంటులా వెల్లకిలా పడుకునే పాత పొర వదులుతుంది. కొత్తవాళ్లు చచ్చిందనుకుని తిరగేస్తారు, నిజంగా చంపేది అప్పుడే. వాడు తెలిసినవాళ్లని అడిగి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గంటల తర్వాత అది కొత్త ఒంటితో లేచింది. కోరలు గట్టిపడే దాకా కొన్నాళ్లు తిండి కూడా పెట్టకూడదు. ఏమీ చెయ్యకుండా ఉండటమే ఆ రాత్రి వాడు చేసిన సేవ.

నాకు ఈ కథలో మనకు పనికొచ్చే మాట ఒకటి దొరికింది. ధమ్మానికి ప్రజ్ఞ, కరుణ రెండూ మూలస్తంభాలన్నారు బాబాసాహెబ్. ప్రజ్ఞ లేని కరుణ వేడి దీపం లాంటిది. పెట్టినవాడికి తృప్తి, లోపలున్నదానికి మంట. ఇది మనకి తెలియంది కాదు. మనల్ని అడక్కుండా మనకి పేర్లు పెట్టినవాళ్లు, మనకేం కావాలో వాళ్లే తేల్చి దయ చూపినవాళ్లు ఎంతమంది లేరు! ఆ దయ ఎంత కాల్చిందో మన పెద్దలకి తెలుసు.

ముట్టుకోవడం గురించి కూడా ఒక మాట. అంటరానితనం అనుభవించిన ఇళ్ల నుంచి వచ్చిన మనకి "ముట్టుకోవద్దు" అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఇక్కడ మనిషిని పురుగుతో పోల్చడం లేదు, చెయ్యి వెనక్కి తీసుకోవడం గురించి మాట్లాడుతున్నాను. వాళ్లు చెయ్యి వెనక్కి తీసుకున్నది తమ గొప్ప కాపాడుకోడానికి. మా వాడు తీసుకున్నది ఎదుటి ప్రాణి క్షేమం కోసం. పైకి రెండూ ఒకటే పనిలా కనిపిస్తాయి. ఎవరి మేలు కోసం అని అడిగితే చాలు, తేడా తేలిపోతుంది. పైగా ఈ సాలీడు తోక ఊపదు, పిలిస్తే పలకదు, సాకినవాణ్ణి గుర్తుపట్టి దగ్గరికి రాదు. ఆడదైతే 20 ఏళ్లు కూడా బతకొచ్చు. అన్నేళ్లు తిరిగి ఏమీ ఇవ్వనిదాన్ని చూసుకోవాలి. మెత్త అంటే బదులు అడగని స్నేహం అని మనం చెప్పుకునే మాటకి ఇంతకన్నా పరీక్ష ఏముంది?

కొన్నాళ్లకి వాడు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి సంబరంగా. "పిన్నీ, నీలం రంగు సాలీడు ఒకటి ఇక్కడ అమ్ముతున్నారు. మన గుత్తి పేరే దానికి! కొననా?"

నిజమే. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడు అది. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాని గురించి మొదట రాశాడు. ఆ తర్వాత వందేళ్ల దాకా కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది. చెట్లు నరికితే దాని ఇల్లు పోయినట్టే. పూర్తిగా అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవుల్లో దాన్ని చేర్చారు. 2019లో ఈ జాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైట్స్ ఒప్పందం అదుపులోకి తెచ్చారు. చాలా వేగంగా కదులుతుంది, దాని విషం చిలీ సాలీడు విషం కన్నా బాధపెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పెంచేది కాదు.

"పెంచేవాళ్ల దగ్గర పుట్టినవే అమ్ముతారంట పిన్నీ" అన్నాడు. కావచ్చు. అయినా వద్దన్నాను. ఉపాసకుడు చెయ్యకూడని ఐదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటని బుద్ధుడు చెప్పాడు. అమ్మకూడనిదాన్ని కొని ఆ అంగడిని నిలబెట్టడం మనకెందుకు? అసలు సంగతి ఇంకోటుంది. మొదటి సాలీడు నీ దగ్గరికి వచ్చింది, దాని ఆకలి నీకు అవసరమైంది. రెండోదాని దగ్గరికి నువ్వే వెళ్తున్నావు. దాని కోసం ఏళ్ల తరబడి చావబోయే కీచురాళ్లని అవసరం పేరుతో నువ్వే కొని తెచ్చుకుంటున్నావు. అవసరం కాదది, తణ్హ.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే పిన్నీ, ఉన్నదాన్ని బాగా చూసుకుంటా" అన్నాడు.

మన ఇళ్లలో టారంటులాలు ఉండవు. గోడ మీద మామూలు సాలీడు ఉంటుంది. చూడగానే చెప్పు తీస్తాం. చెప్పు ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది అవసరమా, కోరికా అని అడుగుదాం. గ్లాసు బోర్లించి, కింద కాగితం తోసి, బయట చెట్టు మీద వదిలి రావడానికి పట్టేది అర నిమిషం. పిల్లల చేత చేయిద్దాం. మొదటి శీలం వాళ్లకి అలా అర్థమవుతుంది.

జై భీమ్. నమో బుద్ధాయ.